రేస్‌ట్రాక్ ప్లాయా మట్టిరోడ్డు: ఏ బండి, ఏ టైర్లు, ఎన్నింటికి బయల్దేరాలి?

మరీచిక · ఫిబ్రవరి 9, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. మార్చిలో అమావాస్య దగ్గరపడే రోజుల్లో నేనూ మా తమ్ముడూ కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారికి వెళ్తున్నాం. నాకు కావలసింది ఒకే ఒక్క చోటు, రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన చెరువు నేల. నెర్రెలిచ్చిన నేల, దాని మీద జరుగుతూ వచ్చిన రాయి, రాయి వెనకాల గీత, పైన పాలపుంత. ఆరేళ్లుగా ఈ ఫొటో నా మనసులో ఉంది.

ఉబెహీబి క్రేటర్ అనే పాత అగ్నిపర్వత బిలం దగ్గర తారురోడ్డు ఆగిపోయి అక్కణ్ణుంచి 27 మైళ్ల మట్టిరోడ్డు అని చదివాను. మేం అద్దెకు మాట్లాడుకున్నది మధ్యరకం ఎస్‌యూవీ, ఆల్ వీల్ డ్రైవ్ ఉంది. సాయంత్రం 4కి క్రేటర్ దగ్గర బయల్దేరితే గంటలో చేరిపోతామని లెక్క వేశాం. సూర్యాస్తమయం, తర్వాత పాలపుంత తీసుకుని అర్ధరాత్రి దాటాక వెనక్కి వచ్చేస్తాం. ఈ ప్లాన్‌లో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

నాలుగోగేరు · ఫిబ్రవరి 9, రాత్రి 10:02

మొహమాటం వద్దన్నారు కాబట్టి నేరుగా చెప్తున్నా. మీ బండికి ఇంజిన్ బలం చాలు, ఆల్ వీల్ డ్రైవ్ కూడా చాలు. చాలనిది టైరు. ఆ రోడ్డులో బురదా ఇసుకా పెద్దగా ఉండవు, కంకర ఉంటుంది. అంచులు కోసుకుపోయేలా ఉండే రాళ్లు. అద్దె ఎస్‌యూవీలకు వేసేవి తారురోడ్డు కోసం చేసిన పలచటి టైర్లు. రాయి టైరు కింద పడితే సాధారణంగా ఏమీ కాదు, పక్కగోడకు తగిలితే చీలిపోతుంది. పక్కగోడ చీలితే పంక్చర్ కిట్ పనిచేయదు.

డిక్కీ తెరిచి స్టెప్నీ చూడండి. చాలా బండ్లలో సన్నటి తాత్కాలిక చక్రం ఉంటుంది, కొన్నింట్లో అదీ ఉండదు, ఓ డబ్బాడు జిగురు ఇచ్చి ఊరుకుంటారు. ఆ సన్నటి చక్రంతో గతుకుల రోడ్డు మీద 20 మైళ్లు రాలేరు.

రెండో సంగతి, మీ అద్దె ఒప్పందం చదవండి. మట్టిరోడ్డు ఎక్కితే బీమా చెల్లదని దాదాపు అన్నింట్లోనూ రాసి ఉంటుంది. అక్కణ్ణుంచి బండిని లాక్కురావడానికి వెయ్యి డాలర్లు దాటడం మామూలే, అది పూర్తిగా మీ జేబులోంచే పోతుంది. సెడాన్‌తో వెళ్లొచ్చామని చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నారని అనను. వెళ్లి రాలేకపోయినవాళ్లు వీడియో పెట్టరు, అంతే.

ఎర్రమట్టి · ఫిబ్రవరి 10, ఉదయం 6:31

మరీచిక గారూ, స్వాగతం. నాలుగోగేరు గారు టైర్ల గురించి చెప్పింది అక్షరాలా నిజం. నాకు టైర్లకన్నా భయం కలిగించింది మీ సమయాల లెక్క.

27 మైళ్లు గంటలో అన్నారు. ఆ రోడ్డు మీద సగటున 15 మైళ్ల వేగం వస్తే బాగా వచ్చినట్టు. రెండు గంటలు వేసుకోండి. 4కి బయల్దేరిన మనిషి 5 అయ్యేసరికి ఇంకా సగం దారిలోనే ఉంటాడు. కొండల మీద వెలుగు బంగారు రంగుకి తిరుగుతూ ఉంటుంది. అప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద దానంతటదే బరువెక్కుతుంది. 15తో వెళ్తున్నవాడు 30 చేస్తాడు. టైరు పోయేది సరిగ్గా అక్కడే. పదకొండేళ్లుగా యూటా, అరిజోనా, నెవాడా మట్టిరోడ్ల మీద తిరుగుతున్నాను. నా బండికి పోయిన టైర్లు నాలుగు. నాలుగూ సూర్యాస్తమయానికి ముందు గంటలోనే పోయాయి. రోడ్డు నాలుగుసార్లూ వేరువేరు, తొందర మాత్రం అదే.

అందుకే నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఫొటో ఏ వెలుగులో కావాలో ఆ వెలుగుకి కనీసం మూడు గంటల ముందు చోటుకి చేరాలి. చేరలేకపోతే ఆరోజు ఆ వెలుగు నాది కాదు, మర్నాటి వెలుగు చూసుకుంటాను. తిరుగు ప్రయాణం చీకట్లో పెట్టుకోను. హెడ్‌లైట్ల వెలుతురులో రాయీ దాని నీడా ఒకేలా కనిపిస్తాయి, గుంట లోతు తెలీదు. అర్ధరాత్రి దాకా మేలుకుని కెమెరా చూసిన కళ్లతో ఆ రోడ్డు నడపడం అసలు వద్దు. రాత్రికి అక్కడే ఉండండి. ప్లాయా పక్కన క్యాంపు వేయనివ్వరు. దక్షిణపు చివర దాటి కొంచెం ముందుకెళ్తే హోమ్‌స్టేక్ డ్రై క్యాంప్ అని ఉంది. నీళ్లుండవు, నీడ ఉండదు. అనుమతి నియమాలు పార్కు రేంజర్ ఆఫీసులో అడిగి వెళ్లండి.

వెన్నెలవేట · ఫిబ్రవరి 10, ఉదయం 11:48

నాకు రాత్రి ఫొటోలంటే ప్రాణం, కాబట్టి వెలుగు సంగతి నేను చెప్తాను.

మార్చిలో పాలపుంత మధ్యభాగం సాయంత్రం కనిపించదు. తెల్లవారుజామున ఆగ్నేయం వైపు లేస్తుంది. కొండలు దాటి పైకొచ్చేసరికి 4 అవుతుంది, 5 దాటాక ఆకాశం తెల్లబడటం మొదలవుతుంది. అంటే మీకు దొరికేది సుమారు గంట. అర్ధరాత్రి దాటాక వెనక్కి వచ్చేద్దామనుకున్నారు కదా, అలా వస్తే మీరు కోరుకున్న ఫొటోకి ముందే బయల్దేరినవాళ్లవుతారు. ఎర్రమట్టి గారు భద్రత కోసం అక్కడే పడుకోమన్నారు. ఫొటో కోసమైనా అక్కడే పడుకోవాలి.

ఇంకోటి. ప్లాయాకి పడమటి పక్కనే ఉబెహీబి శిఖరం గోడలా నిలబడి ఉంటుంది, ఎత్తు 5,678 అడుగులు. ప్లాయా ఎత్తు 3,700 అడుగుల చిల్లర. ఫోన్‌లో యాప్ సూర్యాస్తమయం ఇన్నింటికి అని చూపిస్తుంది కానీ, దానికి చాలా ముందే కొండనీడ నేల మీదికి వచ్చేస్తుంది. నెర్రెల అంచులు మెరిసే ఏటవాలు వెలుగు కావాలంటే ఆ నీడ రాకముందే రాయి దగ్గర ఉండాలి. అది తప్పిపోయిందని దిగులు పడక్కర్లేదు. నీడలో పడిన నేల మెత్తటి నీలం రంగులోకి వస్తుంది, ఎదురుగా తూర్పు కొండలు ఇంకా వెలుగులోనే ఉంటాయి. ఆ ఇరవై నిమిషాలు నాకు సూర్యాస్తమయం కన్నా ఇష్టం.

నిదానంబండి · ఫిబ్రవరి 10, రాత్రి 8:20

నేను రేస్‌ట్రాక్ వెళ్లలేదు. మట్టిరోడ్డు అనగానే నాకు గుర్తొచ్చేది మరొకటి, అది చెప్పాలి.

రెండేళ్ల కిందట ఆగస్టులో యూటాలో కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు. 46 మైళ్లు, మధ్యలో గ్రోవెనార్ ఆర్చ్ ఉంటుంది. పొద్దున వెళ్లేటప్పుడు రోడ్డు హాయిగా ఉంది, మామూలు కారు కూడా నడిచేలా. మధ్యాహ్నం దూరంగా ఓ మబ్బు కనిపించింది. మా నెత్తిన ఎండే కాబట్టి పట్టించుకోలేదు. ఆర్చ్ దగ్గర వెలుగు బాగుందని ఇంకో గంట, ఇంకో గంట అని ఉండిపోయాం. వెనక్కి తిరిగాక పావుగంట వాన పడింది. పావుగంటే. ఆ మట్టి సబ్బులా అయిపోయింది. బ్రేకు వేస్తే బండి ఆగదు, పక్కకి జారుతుంది. చక్రాలకు మట్టి మందంగా పట్టి ఫెండర్లలో ఇరుక్కుపోయింది. ముందున్న వంకలో ఎర్రటి నీళ్లు పారుతున్నాయి.

నా భార్య చెప్పిన మాట మమ్మల్ని కాపాడింది. "ఎత్తుగా ఉన్నచోట ఆపెయ్, ఇక కదలొద్దు" అంది. ఆపేశాం. మర్నాడు మధ్యాహ్నం దాకా బండిలోనే ఉన్నాం, 19 గంటలు. నీళ్లు ఉన్నాయి, దుప్పట్లు లేవు. పిల్లవాడు చలికి వణికాడు. వేసవి కదా అని ఉన్ని బట్టలు తీసుకెళ్లలేదు. ఎడారిలో రాత్రి ఎంత చల్లబడుతుందో అప్పుడు తెలిసింది. ఎండకి రోడ్డు ఆరిపోయాక ఏమీ జరగనట్టు ఇంటికొచ్చాం.

రేంజర్లు మ్యాప్ మీద "తడిస్తే దాటలేరు" అని రాస్తే దాన్ని అక్షరాలా తీసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే దాటొచ్చని దానర్థం కాదు.

రాతినీడ · ఫిబ్రవరి 11, ఉదయం 7:05

నిదానంబండి గారూ, మీరు క్షేమంగా వచ్చినందుకు సంతోషం. మీరు చూసిన మట్టిలో బెంటొనైట్ రకం బంక ఎక్కువ. ఆ బంక రేణువులు పొరల మధ్యకి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. రేగడి నేల వానకి ఉబ్బి ఎండకి నెర్రెలివ్వడానికి కారణం కూడా ఈ జాతి బంకే. కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు, హౌస్ రాక్ వ్యాలీ రోడ్డు, లేక్ పావెల్ మీదికి చూసే ఆల్‌స్ట్రమ్ పాయింట్ దారి, కాపిటల్ రీఫ్‌లో కతీడ్రల్ వ్యాలీ, అన్నింటిదీ ఒకటే కథ. పొడిగా ఉంటే రోడ్డు, తడిస్తే అడుసు. అక్కడ ఏ టైరూ పనిచేయదు, ఎందుకంటే టైరు గాడులు ఒక్క చుట్టులోనే బంకతో నిండి నున్నగా అయిపోతాయి.

కంకరబాట · ఫిబ్రవరి 11, సాయంత్రం 5:40

వాష్‌బోర్డ్ గురించి ఎవరూ రాయలేదేం? రేస్‌ట్రాక్ రోడ్డంతా అదే కదా. అడ్డంగా వరసగా గీరినట్టుండే అలలు. నా అనుభవం ప్రకారం మెల్లగా వెళ్తే పళ్లు ఊడిపోయేలా ఊపేస్తుంది. 35, 40 మైళ్ల వేగం అందుకుంటే బండి అలల కొసల మీద తేలిపోతుంది, ఊపు తగ్గిపోతుంది. స్థానికులంతా అలాగే నడుపుతారు. 15తో వెళ్లమనే సలహా కొత్తవాళ్లని అనవసరంగా హింసపెట్టడమే అనిపిస్తుంది.

ఎర్రమట్టి · ఫిబ్రవరి 11, రాత్రి 7:12

కంకరబాట గారూ, తేలిపోతుందన్నది నిజమే, కాదనను. తేలుతోందంటే చక్రం నేలని తాకేది సగం సేపే. తాకని సగంసేపు స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. హోల్ ఇన్ ద రాక్ రోడ్డు లాంటి చోట తిన్నటి బారులు ఉంటాయి, అక్కడ తెలిసినవాళ్లు అలా వెళ్తే ఒప్పుకుంటాను. రేస్‌ట్రాక్ రోడ్డు మలుపులు తిరుగుతుంది, ఎదురుగా బండి వస్తే ఒకరు పక్కకి ఒదగాలి. మలుపులో 40తో తేలుతున్న బండి తిన్నగా పక్కనున్న రాళ్లలోకి పోతుంది. పైగా అలల మధ్య రాయి ఉంటే 15 దగ్గర కనిపిస్తుంది, 40 దగ్గర కనిపించేసరికి దాటిపోయి ఉంటాం.

రాతినీడ · ఫిబ్రవరి 11, రాత్రి 8:30

ఈ అలలు ఎందుకొస్తాయో 2007లో ఒక ప్రయోగం చేసి చూపించారు. గుండ్రటి బల్ల మీద ఇసుక పోసి, దాన్ని తిప్పుతూ మీద ఓ చక్రం దొర్లించారు. వేగం ఓ హద్దు లోపల ఉన్నంతసేపూ ఇసుక చదునుగానే ఉంది. హద్దు దాటగానే అలలు పుట్టాయి. చక్రానికి స్ప్రింగు లేకపోయినా పుట్టాయి, గింజ పరిమాణం మార్చినా పుట్టాయి. నిజమైన రోడ్ల మీద ఆ హద్దు నడకకన్నా కొంచెమే ఎక్కువ. కాబట్టి బండ్లు తిరిగే ఏ మట్టిరోడ్డైనా కొన్నాళ్లకి వాష్‌బోర్డ్ అయి తీరుతుంది. గ్రేడర్‌తో చదును చేసిన వారాల్లోనే మళ్లీ మొదలవుతుంది. రోడ్డు ఎలా ఉందని అడిగేటప్పుడు "ఈమధ్య గ్రేడర్ తిరిగిందా" అని కూడా రేంజర్లని అడగండి.

కంకరబాట · ఫిబ్రవరి 11, రాత్రి 9:03

మలుపుల సంగతి నిజం, ఎర్రమట్టి గారూ. నేను తిరిగిందంతా తిన్నటి రోడ్లే, రేస్‌ట్రాక్‌ని వాటితో పోల్చకుండా ఉండాల్సింది. మరీచిక గారూ, నా 40 మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మరీచిక · ఫిబ్రవరి 12, రాత్రి 10:25

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నిదానంబండి గారూ, మీ అబ్బాయి సంగతి చదివి ఆ పూట ఇంకేమీ తోచలేదు.

ఇవాళ అద్దె ఒప్పందం తీసి చదివాను. నాలుగోగేరు గారు చెప్పినట్టే మట్టిరోడ్డు నిషిద్ధమని స్పష్టంగా ఉంది. అది రద్దు చేసుకున్నాం. మట్టిరోడ్లకు అనుమతి ఇచ్చే చోట జీప్ మాట్లాడుకున్నాం. దళసరి ఆల్ టెర్రైన్ టైర్లు, అదే కొలత స్టెప్నీ, ఉపగ్రహం మీద కబురు పంపే పరికరం ఇస్తారు. సమయాలు కూడా మార్చాం. పొద్దున 10కి క్రేటర్ దగ్గర ఉండాలి, మధ్యాహ్నానికి ప్లాయా, రాత్రి హోమ్‌స్టేక్‌లో, మర్నాడు బాగా తెల్లారాక తిరుగు ప్రయాణం.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. టైర్లలో గాలి ఎంత ఉంచాలి? కెమెరాని ఆ ఊపు నుంచి, దుమ్ము నుంచి ఎలా కాపాడాలి?

నాలుగోగేరు · ఫిబ్రవరి 12, రాత్రి 11:10

గాలి దగ్గర రకరకాల మాటలు వింటారు, కాబట్టి కారణంతో సహా చెప్తాను. గాలి తగ్గిస్తే టైరు నేలకి ఎక్కువమేర ఆనుతుంది, చిన్న రాయిని చుట్టుకుని మింగేస్తుంది, ఊపు తగ్గుతుంది. మరీ తగ్గిస్తే పక్కగోడ బయటికి ఉబ్బి రాళ్లకు దొరుకుతుంది. ఇసుకలో 15 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) దాకా దించొచ్చు, అక్కడ కోసే రాయి ఉండదు. పదునైన కంకర మీద అంత దించకూడదు. తలుపు చట్రం మీద 36 అని రాసి ఉంటే నేను 26, 28 మధ్య ఉంచుతాను. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. వేడి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది, మధ్యాహ్నం అంకె చూసి మోసపోవద్దు.

కంప్రెసర్ చేతిలో లేకపోతే మాత్రం గాలి తీయకండి. తక్కువ గాలితో తారురోడ్డు మీద 60తో పోతే టైరు లోపల వేడెక్కి చెడిపోతుంది. జీప్ ఇచ్చేవాళ్లు గాలి తీయొద్దంటే వాళ్ల మాటే వినండి, బండి వాళ్లది.

బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఓ పని చేయండి. అద్దె బండి చేతికి రాగానే చదును నేల మీద నిలిపి, జాకీ ఎక్కడుందో వెతికి, స్టెప్నీ దింపి, ఒక చక్రం విప్పి బిగించండి. మీరిద్దరూ చెరోసారి. స్టెప్నీ తాళం చెవి ఎక్కడుందో తెలియక గంటలు కూర్చున్నవాళ్లని చూశాను. జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు దళసరి చెక్క ఒకటి తీసుకెళ్లండి, మట్టిలో జాకీ దిగబడిపోకుండా.

వెన్నెలవేట · ఫిబ్రవరి 13, ఉదయం 9:37

కెమెరాకి ఊపే పెద్ద శత్రువు. దుమ్ము తుడిస్తే పోతుంది. రెండు గంటల వాష్‌బోర్డ్ లెన్సుల స్క్రూలని, ట్రైపాడ్ తల కింది బోల్టుని తిప్పి వదులు చేసేస్తుంది. కెమెరా బ్యాగు డిక్కీలో పెట్టొద్దు, వెనక చక్రాల పైన ఊపు అన్నింటికన్నా ఎక్కువ. వెనక సీటు మీద దుప్పటి మడతల్లో పెట్టి సీట్ బెల్టు వేయండి. లెన్సు కెమెరా నుంచి విడదీసి విడిగా చుట్టండి. దిగగానే హెక్స్ తాళంచెవితో ట్రైపాడ్ బోల్టులన్నీ ఒకసారి బిగించండి. నేనది మర్చిపోయి ఓ రాత్రి నలభై ఎక్స్‌పోజర్లు పోగొట్టుకున్నాను, నక్షత్రాలన్నీ కొంచెం కొంచెం కిందికి జారాయి.

బండిలో గాలి లోపలే తిరిగేలా మీట పెట్టి, ఫ్యాను కొంచెం ఎక్కువగా ఉంచండి. ముందు బండి దుమ్ములో వెళ్లాల్సి వస్తే ఐదు నిమిషాలు ఆగి వాళ్లని పోనివ్వండి. నేల మీద లెన్సులు మార్చకండి. ప్లాయా మట్టి పౌడరులా ఉంటుంది, సెన్సరు మీద పడితే అక్కడ తుడవడానికి కుదరదు.

దక్షిణదిక్కు · ఫిబ్రవరి 13, రాత్రి 8:55

ఒక హెచ్చరిక. ఫోన్ మ్యాపు కొన్నిసార్లు పడమట సెలైన్ వ్యాలీ వైపు నుంచి లిపిన్‌కాట్ మైన్ రోడ్డు మీదుగా రేస్‌ట్రాక్‌కి దగ్గరదారి చూపిస్తుంది. అది కొండ అంచున ఒక బండి పట్టేంత దారి, నిటారు ఎక్కుడు, ఓ పక్క లోయ. అనుభవం ఉన్నవాళ్లకే చెల్లుతుంది. డెత్ వ్యాలీలో మ్యాపు గొంతు విని దారితప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పార్కు వాళ్లు జీపీఎస్‌ని గుడ్డిగా నమ్మొద్దని పదేపదే చెప్తారు. కాగితం మ్యాపు కొనండి. టీకెటిల్ జంక్షన్ అని ఓ మలుపు వస్తుంది, బోర్డు నిండా జనం కట్టిన టీ కెటిళ్లు వేలాడుతుంటాయి. అక్కణ్ణుంచి కుడివైపు దారి పట్టండి, ఇంక ఆరు మైళ్లు.

పెట్రోలు స్టోవ్‌పైప్ వెల్స్‌లోనే నింపుకోండి, ఆ దారిలో ఇంక దొరకదు. మట్టిరోడ్డు మీద నెమ్మదిగా లాగే బండి మామూలుకన్నా ఎక్కువ తాగుతుంది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు, దానిమీద ఒక రోజుకి అదనం.

రాతినీడ · ఫిబ్రవరి 14, ఉదయం 6:50

మరీచిక గారూ, రోడ్డు గురించి అందరూ చెప్పారు, చేరాక అడుగు పెట్టే నేల గురించి నేను చెప్తాను. ఇది నాకు ముఖ్యం.

ఆ రాళ్లు ఎలా కదులుతాయో దశాబ్దాలపాటు ఎవరూ కళ్లతో చూడలేదు. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ బృందం రాళ్లకి జీపీఎస్ బిగించి కనిపెట్టుకుని కూర్చుంది. 2013 డిసెంబర్‌లో వాళ్ల కళ్లముందే కదిలాయి, 2014లో ప్రచురించారు. చలికాలం వానకి ప్లాయా మీద కొన్ని అంగుళాల నీళ్లు నిలుస్తాయి. రాత్రి పైన 3 నుంచి 6 మిల్లీమీటర్ల మంచు కడుతుంది. ఎండకి అది పెద్ద పలకలుగా పగిలి, మెల్లటి గాలికే కదిలి రాళ్లని నెట్టుకుపోతుంది. రాయి నిమిషానికి కొన్ని మీటర్లే జరుగుతుంది. కింద మెత్తటి బురద కాబట్టి గీత పడుతుంది, ఆరాక మిగిలిపోతుంది.

అదే బురద మీద మన కాలు పడినా మిగిలిపోతుంది. తడి ప్లాయా మీద వేసిన అడుగు ఏళ్ల తరబడి ఉంటుంది. 2016లో ఎవరో బండి తోలుకుపోయి మైళ్ల పొడవునా చక్రాల గీతలు మిగిల్చారు. కొందరు రాళ్లనే ఎత్తుకుపోయారు. రాయి లేని గీతలు అక్కడ కనిపిస్తాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మార్చి కాబట్టి నేల తడిగా ఉండే అవకాశం ఉంది. ప్లాయా ఉత్తరపు కొస దక్షిణం కన్నా 4 సెంటీమీటర్లే ఎత్తు, అందుకని నీళ్లు దక్షిణం వైపు చేరతాయి. రాళ్లున్నదీ దక్షిణమే. మడమతో అంచున నొక్కి చూడండి. అచ్చు పడితే దిగకండి, ఆరేళ్ల కల అయినా సరే.

మరీచిక · ఫిబ్రవరి 14, రాత్రి 9:45

మాటిస్తున్నాను. అచ్చు పడితే దిగను.

ఇసుకగాలి · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:15

చర్చ పక్కకి తిప్పుతున్నందుకు మన్నించండి. అరిజోనాలో వైట్ పాకెట్ అనే రాతిచోటుకి వెళ్లే ఇసుకదారిలో పోయినేడాది మూడుసార్లు దిగబడ్డాను, నాకూ సలహా కావాలి. దగ్గర్లోనే వేవ్ అనే అలల్లాంటి ఇసుకరాతి చోటు ఉంది, దానికి లాటరీలో ఎప్పుడూ పేరు రాదు. రోజుకి 64 మందినే పంపుతారు. వైట్ పాకెట్‌కి అనుమతి అక్కర్లేదు కాబట్టి మళ్లీ వెళ్లాలనుంది.

ఎర్రమట్టి · ఫిబ్రవరి 16, రాత్రి 8:08

అనుమతి అక్కర్లేదు కానీ ఆ ఇసుకే అక్కడ కావలి. గాలి 15, 16కి దించారా? దించకుండా వెళ్తే ఎంత పెద్ద బండైనా దిగబడుతుంది. పొద్దున్నే వెళ్లండి, రాత్రి చెమ్మ మిగిలిన ఇసుక కొంచెం గట్టిగా ఉంటుంది. ఇసుక మొదలయ్యే ముందే లో గేరులో పెట్టి, ఒకే వేగంతో ఆపకుండా పోవాలి. ఇసుకలో బ్రేకు వేయకూడదు. ఆగాలంటే దిగుడులో ఆగాలి, ఎక్కుడులో కాదు.

చక్రం తిరిగి బండి కదలకపోతే ఆ క్షణమే కాలు తీసేయండి. ఇంకొంచెం తొక్కితే వస్తుందనిపిస్తుంది, రాదు, ఇరుసు దాకా దిగుతుంది. పారతో చక్రాల ముందు, బండి పొట్ట కింద ఇసుక తీసి, గాలి ఇంకో రెండు మూడు పీఎస్‌ఐ దించి, వచ్చిన దారినే వెనక్కి రండి. మీ చక్రాలు నొక్కిన దారి గట్టిగా ఉంటుంది.

ఎవరైనా తాడేసి లాగుతామంటే తాడు దేనికి తగిలిస్తున్నారో చూడండి. ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి ఎప్పుడూ కట్టనివ్వకండి. అది ఊడితే తూటాలా వస్తుంది, మనుషులు చనిపోయారు. చట్రానికి బిగించిన కొక్కేనికే కట్టాలి, తాడు బిగిసేటప్పుడు ఎవరూ దగ్గర నిలబడకూడదు.

టోరోవీప్_దారి · ఫిబ్రవరి 17, ఉదయం 10:30

నేనొక్క మాట కలుపుతాను. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు గట్టు మీద టోరోవీప్‌కి 61 మైళ్ల మట్టిరోడ్డు. చివర నిలబడితే కొలరాడో నది పాదాల కింద 3,000 అడుగుల లోతున ఉంటుంది, కంచె లేదు. ముందు 58 మైళ్లు పర్వాలేదు, ఆఖరి మూడు మైళ్లు బండరాయి మెట్లు. అన్ని మైళ్లు వచ్చేశాం, ఈ మూడు ఎంతలే అనిపించే చోటు అది. మా ముందు టైరు పోయింది. స్టెప్నీ వేసి ఫొటో తీసుకుని వెనక్కి వస్తుంటే వెనక టైరు పోయింది. రెండో స్టెప్నీ ఎవరి దగ్గర ఉంటుంది? ఆరోజు మా స్నేహితుల బండి వెనకే వచ్చింది కాబట్టి బయటపడ్డాం. ఇప్పుడు ఒక టైరు పోతే ఫొటో వదిలేసి అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాను. స్టెప్నీ వేసిందంటే ఇక నా దగ్గర స్టెప్నీ లేదన్నమాట.

మరీచిక · మార్చి 19, రాత్రి 10:40

వెళ్లొచ్చాం. మీ అందరికీ చెప్పాలని ఇల్లు చేరగానే కూర్చున్నాను.

రేంజర్ ఆఫీసులో అడిగితే రోడ్డు తెరిచే ఉంది, గ్రేడర్ తిరిగి చాలా రోజులైంది అన్నారు. పది గంటల పది నిమిషాలకు క్రేటర్ దగ్గర తారు దిగాం. గాలి 28కి తీశాం, జీప్ ఇచ్చినవాళ్లు సరేనన్నారు. తమ్ముడు నడిపాడు. నేను మైలు మైలుకీ టైము రాసుకున్నాను, ఇక్కడ పెట్టడానికి. టీకెటిల్ జంక్షన్‌కి గంటన్నర, ప్లాయాకి మొత్తం రెండు గంటల ఐదు నిమిషాలు. మధ్యలో ఓ వెండిరంగు బండి మమ్మల్ని దుమ్ములేపుతూ దాటిపోయింది. జంక్షన్‌కి రెండు మైళ్ల ముందు అదే బండి పక్కకి ఒరిగి ఉంది, వెనక టైరు చీలింది. వాళ్ల జాకీ మట్టిలో దిగబడిపోతోంది. నాలుగోగేరు గారు చెప్పిన చెక్కముక్క మా దగ్గర ఉంది. అది వాళ్లకే ఇచ్చేశాం.

దక్షిణం వైపు నీళ్లున్నాయి. రాళ్లు దూరంగా కనిపిస్తున్నాయి, చుట్టూ అద్దంలాంటి పలచటి నీరు. అంచున మడమతో నొక్కాను. అచ్చు పడింది. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. తమ్ముడు ఏమీ అనలేదు. నేను దిగలేదు.

ఉత్తరం వైపు వెళ్లాం, అక్కడ నేల గట్టిగా పొడిగా ఉంది. గ్రాండ్‌స్టాండ్ అనే నల్లరాతి గుట్ట చుట్టూ నెర్రెలు. కొండనీడ వచ్చాక వెన్నెలవేట గారు చెప్పిన ఆ నీలం రంగు నిజంగానే వచ్చింది. పొద్దున నాలుగున్నరకి మళ్లీ దక్షిణపు అంచుకి వెళ్లి, రోడ్డు పక్కన గులకనేల మీద ట్రైపాడ్ పెట్టాను. గాలి లేదు. పాలపుంత మొత్తం నీళ్లలో కనిపించింది. రాళ్లు అందులో నల్లటి చుక్కల్లా ఉన్నాయి, గీతలు కనబడవు. నేను అనుకున్న ఫొటో కాదు. ఇలాంటిది ఉంటుందని నాకు తెలియనే తెలియదు.

రాతినీడ · మార్చి 20, ఉదయం 6:15

దిగనందుకు చేతులెత్తి నమస్కారం, మరీచిక గారూ. ఆ నీళ్లలో ఉన్న రాళ్లు మళ్లీ ఏదో ఒక చలికాలం కదులుతాయి.

నాలుగోగేరు · మార్చి 20, ఉదయం 8:44

చెక్కముక్క పనికొచ్చినందుకు సంతోషం. తిరుగు ప్రయాణంలో గాలి మళ్లీ ఎక్కడ నింపారు? టైర్లకి కోతలేమైనా ఉన్నాయా?

మరీచిక · మార్చి 20, రాత్రి 9:02

క్రేటర్ పార్కింగ్‌లోనే నింపాం, కంప్రెసర్‌తో నాలుగింటికీ పాతిక నిమిషాలు పట్టింది. ముందు ఎడమ టైరు పక్కగోడ మీద వేలి పొడవు గీత ఉంది, లోపలిదాకా దిగలేదు. ట్రైపాడ్ బోల్టు ఒకటి సగం ఊడి ఉంది, రాత్రి ఫొటోలకి ముందే బిగించుకున్నాను. ఎర్రమట్టి గారూ, అక్టోబర్‌లో ఇసుకగాలి గారు మళ్లీ వైట్ పాకెట్ వెళ్తుంటే రెండో బండిగా మేం రావొచ్చా?

ఇసుకగాలి · మార్చి 20, రాత్రి 9:30

తప్పకుండా రండి అక్కా. పార ఒకటే ఉంది నా దగ్గర, ఇంకోటి మీరు తీసుకురండి.

ఎర్రమట్టి · మార్చి 21, ఉదయం 6:20

ఇద్దరూ ఏ బండి తెస్తున్నారో, ఏ టైర్లో కొత్త చర్చలో రాయండి. మూడో బండి నాది.